అవసరానికి వెల కట్టకూడదు

మంట దగ్గరికి జరగండర్రా, ధనుర్మాసం చలి ఇది. ఆ ఎండు మట్టలు ఇంకో రెండు వెయ్యండి. చిన్నోడు రేపు అమలాపురంలో పాత కారు చూడ్డానికి వెళ్తున్నాడట. వాళ్ళు చెప్పే ధర న్యాయమైనదో కాదో ఎలా తెలుస్తుంది తాతా అని పొద్దుట్నించీ అడుగుతున్నాడు. ఒక్క ముక్కలో తేలేది కాదురా అది. మా రోజుల నించి చెప్పుకొస్తేగానీ బోధపడదు.

నేను మీసాలు రాకముందే అమలాపురంలో ఒక మేస్త్రి గారి షెడ్డులో పనికి కుదిరాను. అప్పట్లో కారంటే మూడే పేర్లు. అంబాసిడరు కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారయ్యేది. ఫియట్టు బొంబాయిది, దాన్నే తర్వాత ప్రీమియర్ పద్మిని అన్నారు. స్టాండర్డు మద్రాసుది. ఏ కంపెనీ ఎన్ని బళ్ళు చెయ్యాలో ఢిల్లీ సర్కారు లైసెన్సిచ్చి తేల్చేది. డబ్బు కట్టి పేరు రాయించుకున్నా ఏళ్ళ తరబడి ఎదురుచూపులే. బజాజ్ స్కూటరుకీ అదే వరస.

మరి అన్నాళ్ళు ఆగలేనివాడు ఏం చేస్తాడు? అప్పుడే బండి చేతికందినవాడి ఇంటికెళ్ళి, కంపెనీ ధర మీద ఇంకొంత పెట్టి పట్టుకొచ్చుకునేవాడు. రోడ్డెక్కి తిరిగిన బండికి కొత్తదానికన్నా ఎక్కువ ధర! ఊళ్ళు తిరిగి వైద్యం చేసే డాక్టరు గారికి కారు కావాలి, అంబాజీపేట కొబ్బరి వ్యాపారికి కావాలి. దళారి బండికి కాదురా వెల కట్టేది, వాళ్ళ అవసరానికి కట్టేవాడు. ఇంజనెలా ఉంది, ఎంత తిరిగింది అని గట్టిగా అడగడానికి కొనేవాడికి నోరు పెగిలేది కాదు. వీడు కాదంటే తీసుకుపోడానికి గుమ్మంలో ఇంకోడు సిద్ధంగా ఉండేవాడు మరి.

మా మేస్త్రి గారికి ఆ పద్ధతంటే ఒళ్ళుమంట. ఎవరైనా బండి చూసిపెట్టమంటే ముందు ధర చెప్పనిచ్చేవారు కాదు. "ధర చెవిన పడితే కన్ను సరిగ్గా పనిచెయ్యదురా" అనేవారు.

ఒకసారి బెండమూర్లంక వైపు నించి తెల్ల అంబాసిడరొకటి వచ్చింది. కొత్త పెయింటు, మొహం చూసుకోవచ్చు. మేస్త్రి గారు వస్తూనే బానెట్టు మీద అరచెయ్యి ఆనించారు. వేడిగా ఉంటే ముందే స్టార్టు చేసి తెచ్చారని లెక్క. అలాంటి బండి చల్లారేదాకా ముట్టుకునేవారు కాదు, చల్లటి ఇంజనే నిజం చెప్తుందని ఆయన నమ్మకం. తర్వాత జేబులోంచి పాత రేడియో స్పీకరు అయస్కాంతం తీశారు. గీత పడకుండా దానికి గుడ్డ చుట్టి ఉండేది. డోరు పైభాగాన పెడితే టక్కున అతుక్కుంది. కిందికి జరుపుతూ పోతే అడుగున జానెడు మేర పట్టు వదిలేసి ఆయన చేతిలో పడింది. అక్కడ రేకు లేదు. తుప్పు తినేసిన చోట పుట్టీ నింపి రంగు కొట్టారు. కాళ్ళ దగ్గర పట్టా ఎత్తి స్క్రూడ్రైవరుతో నొక్కితే ఫ్లోరు రేకులోంచి కిందికి దిగిపోయింది. మన అల్లవరం, ఓడలరేవు, కొమరగిరిపట్నం బళ్ళన్నిటికీ ఇదే జబ్బు. ఉప్పుగాలి పైకి కనిపించే చోట కాదు, నీళ్ళు నిలిచే మూలల్లో ముందు తింటుంది.

స్టార్టు చేస్తే నీలం పొగ. పిస్టన్ రింగులు అరిగి ఆయిలు మండుతోందన్నమాట. ఆయన అరవలేదు, వెక్కిరించలేదు. కాగితం తీసుకుని ఒకదాని కింద ఒకటి రాశారు. ఫ్లోరు రేకు ఇంత, డోర్ల టింకరింగు ఇంత, రింగుల పని ఇంత, టైర్లు ఇంత. ఆ కాగితాన్ని కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్యలో పెట్టారు. నచ్చకపోతే ఏ అంకె దగ్గర నచ్చలేదో వేలు పెట్టి చూపించమన్నారు. వాళ్ళు టైర్ల దగ్గర కాస్త వాదించుకున్నారు, మిగతాది ఒప్పుకున్నారు. బేరం గంటలో తెగింది.

ఆ తర్వాత కాలం మారింది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతీ 800 తాళాలు ఇచ్చారు. మొదట్లో దానికీ వరసలో నిలబడాల్సి వచ్చిందనుకో. 1993లో కార్ల తయారీకి లైసెన్సులు ఎత్తేశాక కంపెనీలు ఒకటి తర్వాత ఒకటి దిగాయి. కొత్త బండి అడిగిన వెంటనే దొరుకుతుంటే పాతదానికి ఎక్కువిచ్చేదెవడు? అప్పుడు గానీ పాత కారు ధర దాని వయసుకి తగ్గట్టు కిందికి దిగలేదు.

అవసరం మాత్రం ఎక్కడికీ పోలేదురా, అటునించి ఇటు మారిందంతే. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను మీ నాన్నలకి గుర్తే. తెల్లారేసరికి తోటలకి తోటలు నేలమట్టం. దేశవాళీ కొబ్బరి మొక్క వేస్తే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు. అన్నాళ్ళూ ఇల్లెలా గడవాలి? మన పక్కూరి రైతొకాయన, పాపం, మారుతీ అమ్ముకుందామని షెడ్డుకి తెచ్చాడు. కొనడానికొచ్చినాయన సంగతి కనిపెట్టి సగం ధరకి అడిగాడు. ఆ రైతు తలొంచుకుని సరేననబోయాడు.

మేస్త్రి గారు ఇద్దర్నీ ఆగమన్నారు. సీట్ల కిందా, బానెట్టు లోపలా బురద చార ఉందేమోనని వెతికారు. బండి మెరక మీద ఉండబట్టి నీళ్ళు తగల్లేదు. ఎప్పటిలాగే కాగితం రాసి, సగం కన్నా బాగా ఎక్కువ అంకె వేశారు. "తుఫాను ఆయన తోటని కొట్టింది గానీ ఈ ఇంజన్ని కొట్టలేదు కదండీ. తగ్గించడానికి నాకు కారణం కనపడలేదు" అన్నారు. కొనేవాయన కాసేపు నేల చూపులు చూసి, కాగితంలో ఉన్నంతా ఇచ్చాడు. నేను నేర్చుకున్న విద్యంతా ఆ మాటలో ఉంది. కొనేవాడి అవసరం ధరని పెంచకూడదు, అమ్మేవాడి అవసరం తగ్గించకూడదు. లెక్క బండిదే కావాలి.

ఇప్పుడు నీ సంగతి. అమ్మేవాళ్ళు కువైట్ వెళ్ళిపోతున్నారు, ఈ వారంలో తెగనమ్మాలట, నొక్కితే దిగుతారు అంటున్నావు. ఆ ముక్క పక్కన పెట్టెయ్. మేస్త్రి గారి కాగితం పై వరసలో ఏం రాయాలో ఇవాళ ఇన్సూరెన్సు వాళ్ళే చెప్తున్నారు. కొత్త బండి కంపెనీ ధరలో ఆరు నెలల లోపైతే 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, అయిదేళ్ళ లోపు 50 శాతం తరుగు. అయిదు దాటితే మాట్లాడుకుని తేల్చుకోవడమే. మాటవరసకి అదే బండి కొత్తది 6 లక్షలు, నీది నాలుగో ఏడు నడుస్తోంది. 40 శాతం పోతే 3 లక్షల 60 వేలు. టైర్లకీ, టింకరింగుకీ, సర్వీసుకీ కలిపి 40 వేలవుతుందని మెకానిక్కు రాసిస్తే 3 లక్షల 20 వేలు. అక్కడ మొదలుపెట్టు. అదే మోడలు, అదే ఏడాది బళ్ళు మన చుట్టుపక్కల ఎంతకి అమ్ముడయ్యాయో కనుక్కుని కాస్త అటూ ఇటూ సర్దుకో. ఎంత చెప్తున్నారన్నది కాదు, ఎంతకి తెగిందన్నదే చూడు. బాగా చూసుకున్న బండైతే నువ్వే నాలుగు వేలు ఎక్కువియ్యి, తప్పులేదు.

మీటరు అంకెని ఒక్కదాన్నీ నమ్మకు. సర్వీసు కాగితాలతో పోల్చు, పెడలు రబ్బరు అరుగుదల చూడు. సీటు బెల్టు చివరిదాకా లాగు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. నీట మునిగిన బండిని ఎంత కడిగినా బెల్టు లోపలి మడతలో మట్టి మరక మిగిలిపోతుంది.

డబ్బిచ్చేశాక పని అయిపోయిందనుకోకు. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు చేయించు. అప్పు మీద కొన్న బండైతే బ్యాంకు కాగితంతో పాటు 35వ ఫారం కూడా తీసుకో. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వాళ్ళే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్ళు కువైట్లో ఉండగా నీ చేతిలో బండికేదైనా అయితే ఆ బరువు వాళ్ళ నెత్తిన పడుతుంది. అందుకని వాళ్ళు విమానం ఎక్కకముందే దగ్గరుండి పేరు మార్పించు. సరైన ధర ఇవ్వడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.