బంగారక్కను యాడ పెట్నారు?

ఇంగ రెండు కందికట్టెలు ఎయ్యబ్బీ మంటలో. మీ అక్క అమెరికా నుంచి ఫోన్‌లో ఒక మాట చెప్పింది, అదే తిరుగుతాంది తలకాయలో.

ఫ్రెడ్ విల్సన్ అని ఒక నల్లాయప్ప ఉండాడంట, కళాకారుడు. 1992లో బాల్టిమోర్‌లో మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీ మ్యూజియాన్ని ఆయప్ప చేతికిచ్చి, నీకు తోచినట్ల సర్దమన్నారంట. బయట నుంచి తెచ్చింది లేదు. వాళ్ల గోదాములో పడుండేవే తీసినాడు. తళతళలాడే వెండి పాత్రల మధ్యలో, అదే అద్దాల పెట్టెలో, బానిసలకేసే ఇనుప సంకెళ్లు పెట్టినాడు. కింద చీటీ: లోహపు పని, 1793–1880. అంతే. ఎవుర్నీ తిట్టలా.

ఇంటానే నాకు తోలుబొమ్మలాట గుర్తొచ్చింది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది కదా, ఆ ఆటగాళ్లకు ఇంట్లో మరాఠీ మాట, తెర ఎనక తెలుగు పద్యం. రెండు తెల్ల పంచెలు ఈతముళ్లతో కలిపి తెర కడ్తాండ్రి. ఎనక ఆముదం దీపాలు. వెలుగు దూరేంత పల్చగా గీకిన మేకతోలు, దానికి బెజ్జాలు. రాముడొస్తే పెద్దోళ్లు దండం పెడ్తాండ్రి. పిల్లోళ్లం మాత్రం నవ్వించే బొమ్మలు బంగారక్క కోసం, కేతిగాని కోసం నిద్ర ఆపుకుంటాంటిమి. ఊరిపెద్ద మొహాన ఎవుడూ అనలేని మాట వాళ్లు అనేస్తాండ్రి. ఆ పెద్దే ముందర కూచోని నవ్వాల, ఇంగేం చేస్తాడు!

వాన ఎత్తుకుపోయిన ఏడు, వాన పడాలని విరాటపర్వం ఆడిపిస్తాండ్రి. చూడు ఇచిత్రం, ఆటగాళ్లను పిలిచేది గాదెలో గింజ లేనప్పుడే. వాన వచ్చినా రాకపోయినా వాళ్లకు జొన్నలు కొలవాల గదా.

2020లో నిమ్మలకుంట దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ ప్రకటించినారు, సంతోషమే. ఆ ఊర్లో ఇప్పుడు బొమ్మలతో పాటు దీపాల షేడ్లూ చేస్తాండారు. కడుపు నిండాల, తప్పేముంది. నాకు కోపమంతా చీటీ మీదనే. ఒక మ్యూజియంలో అద్దం ఎనక తోలుబొమ్మను చూసినా, కింద చీటీ: హనుమంతుడు, మేకతోలు, రంగులు. కోసినోడెవుడు, ఆడిచ్చినోడెవుడు, ఏ కరువులో ఆడిచ్చినాడు, ఒక్క ముక్క లేదు.

నన్ను సర్దమంటే ఆ హనుమంతుని పక్కన మసి పట్టిన పంచె ఒకటి, జొన్నలు కొలిచే పడి ఒకటి, ఖాళీది, పెడ్తా. బంగారక్కను లోపల పెట్టను. వాకిట్లో నిలబెడ్తా, వచ్చే పెద్ద పెద్ద ఆఫీసర్లను ఆయమ్మే ముందు పలకరించనీ. ఏమని పలకరిస్తాదో మీ అవ్వ పండుకున్నాక చెప్తా.