కర్నూలు బస్సుల వ్యాజ్యము

వాన మొగము చూచి బ్రతుకవలసిన కర్నూలు, కడప మండలములలో, స్వరాజ్యము వచ్చిన తొలి సంవత్సరములలో, బస్సు పర్మిట్ అనగా కరువుకు లోబడని ఆదాయము. అట్టి జీవనాధారమును ప్రభుత్వము స్వాధీనము చేసికొనదలచినపుడు న్యాయస్థానము ఏమి అడిగెనో, ఆ ప్రశ్నకు ఒక ముఖ్యమంత్రి పదవి ఎట్లు ముడివడెనో తెలిపెడి చరిత్ర కర్నూలుది. మన సీమవారే దానిని మరచుట నాకు బాధ కలిగించుచున్నది.

1939 నాటి మోటారు వాహనముల చట్టమునకు 1956లో ఒక క్రొత్త అధ్యాయము చేర్చబడెను. 68-సి సెక్షను క్రింద రవాణా సంస్థ ఏయే రూట్లను తాను నడుపదలచినదో పథకముగా ప్రకటించవలసియుండెను. ముప్పది దినములలో బస్సు యజమానులు ఆక్షేపణలు తెలుపుటకు వీలుండెను. 68-డి క్రింద వానిని విని, పథకమును ఆమోదించుటో, మార్చుటో ప్రభుత్వము వంతుగా ఉండెను. సంస్థయు ప్రభుత్వముదే, తీర్పరియు ప్రభుత్వమే యగుటచేత వివాదము తప్పలేదు. కృష్ణా మండలపు గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసులో ఆక్షేపణలను కార్యదర్శి వినగా ముఖ్యమంత్రి నిర్ణయించెను. ఒకరు విని వేరొకరు తీర్పు చెప్పుట న్యాయము కాదని 1958లో సుప్రీంకోర్టు ఆ పథకమును కొట్టివేసెను. ఆ మెజారిటీ తీర్పును వ్రాసినది మన కోకా సుబ్బారావుగారు. పిమ్మట ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారు స్వయముగా విచారణ జరుపగా, ఆయనకు పక్షపాతమున్నదను వాదమును 1959లో అదే న్యాయస్థానము త్రోసిపుచ్చెను. అధికారిపై అనుమానమొక్కటే చాలదని ఆనాడే తేలినదన్నమాట.

1962లో డోన్ నియోజకవర్గమునుండి శాసనసభకు ఎన్నికై సంజీవరెడ్డిగారు మరల ముఖ్యమంత్రి అయిరి. జాతీయీకరణకు అండర్సన్ సంఘము సూచించిన జిల్లాల వరుసలో కర్నూలుకు ముందు ఇతర జిల్లాలుండగా, ఆ వరుస తప్పించి కర్నూలు రూట్లపై పథకములు వెలువడెను. ఎన్నికలనాటి రాజకీయ వైరముచేత ముఖ్యమంత్రియే సంస్థచేత ఇట్లు చేయించిరని సి.ఎస్. రౌజీ మొదలగు బస్సు యజమానులు ప్రమాణపూర్వకముగా ఆరోపించిరి. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకెక్కిరి.

ఇచట వ్యాజ్యమంతయు ఒక అఫిడవిట్‌పై నిలిచెను. అదియు దాఖలు కాని అఫిడవిట్. ముఖ్యమంత్రి మనస్సులోని ఉద్దేశమును కాదనగలవాడు ముఖ్యమంత్రి ఒక్కడే; ఇతరులు ఎన్ని ప్రమాణపత్రములు వ్రాసినను ఆ లోటు తీరదు. ఆయన సంతకముతో ఖండన రాలేదు. దురుద్దేశమును ఆరోపించుట సులభమనియు, దానిని జాగ్రత్తగా తూచవలెననియు హెచ్చరించుచునే, జస్టిస్ రాజగోపాల అయ్యంగారు ఆ ఆరోపణలు ఖండింపబడక నిలిచినవని 1964 ఆరంభమున తీర్పు వ్రాసిరి. సంస్థకు స్వంతముగా పగ లేకపోయినను, పరుల పగకు పనిముట్టైనచో దాని చర్య చెల్లదని నిర్ణయించి పథకములను రద్దు చేసిరి.

పదవి వదలుమని ఆ తీర్పులో ఎచటను లేదు. అయినను సంజీవరెడ్డిగారు ఫిబ్రవరిలో రాజీనామా చేసిరి. కాసు బ్రహ్మానందరెడ్డిగారు ముఖ్యమంత్రి అయిరి. శాసనసభలో బలము చెక్కుచెదరకుండగనే, న్యాయమూర్తుల మాటకు విలువనిచ్చి దిగిపోవుట గొప్ప విషయమని నా దృఢమైన అభిప్రాయము. ప్రమాణము చేసి సమాధానము చెప్పకపోవుట ఎంత దోషమో, ఆ దోషఫలమును తానే భరించుట అంత గౌరవము. ప్రజలును ఆయనను విడువలేదు: 1977లో రాష్ట్రమునందలి 42 లోక్‌సభ స్థానములలో 41 కాంగ్రెసు గెలువగా, మిగిలిన ఒక్కటి, నాటి కర్నూలు జిల్లాలోని నంద్యాల, జనతా అభ్యర్థియైన ఆయనకు దక్కెను. ఆ యేడే ఆయన పోటీ లేకుండ రాష్ట్రపతి అయిరి.

రాష్ట్రపతి భవనమునకు సీమ బిడ్డ వెళ్ళెనని మన పాఠశాలలలో చెప్పుచున్నారు. అతనిని ప్రశ్నించి గెలిచినవారు కర్నూలు బస్సు యజమానులని కూడ ఉపాధ్యాయులు అదే పాఠములో చెప్పవలెనని నా మనవి.