కార్గిల్ కొండలలో ఒరిగిన మేజర్ పద్మపాణి ఆచార్య

ఈ శతవార్షిక సంచికలో మన సంఘముల పుట్టుపూర్వోత్తరములను గూర్చి పెద్దలు వ్రాయుదురు. రాఘవాపురం పగోలు వెంకయ్యగారు 1859లో బాప్తిస్మము పొందిన వృత్తాంతము మనలో ఎరుగనివారు లేరు. కనుక నందిగామ సంఘస్థులమైన మేము వేరొక చరిత్రను ఎంచుకొన్నాము. ప్రతి ఆదివారము విజ్ఞాపన ప్రార్థనలో దేశపు సరిహద్దులు కాయు సైనికులను ప్రభువు సన్నిధిలో జ్ఞాపకము చేసికొనుచున్నాము. అయితే వారిలో ఒక్కరి పేరైనా చెప్పుమంటే మన సండేస్కూలు పిల్లలు తెల్లబోవుదురు. పెద్దలమైన మనము చెప్పితే కదా వారికి తెలియుట!

మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 21వ తేదీన హైదరాబాదులో జన్మించినారు. వారిది ఒడిశా మూలముగల కుటుంబము. తండ్రి జగన్నాథ ఆచార్యగారు వైమానిక దళములో వింగ్ కమాండరుగా పనిచేసినవారు. పద్మపాణి ఉస్మానియా విశ్వవిద్యాలయములో పట్టము పుచ్చుకొని, మద్రాసులోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ పొంది, కాల్బలములోని 2వ రాజపుతానా రైఫిల్స్ పటాలములో అధికారిగా చేరినారు. కాల్బలమనగా కాలినడకన పోయి, కొండ నెక్కి, శత్రువును ముఖాముఖి ఎదుర్కొనవలసిన దళము. అందులో అధికారి వెనుక నిలుచుండి ఆజ్ఞ లిచ్చిన సరిపోదు, ముందు నడవవలెను.

1999 వేసవిలో పాకిస్తాను సైనికులు కార్గిల్ ప్రాంతములో అధీనరేఖను దాటివచ్చి, శీతకాలములో మనవారు ఖాళీచేసిన శిఖరములపై తిష్ఠ వేసినట్లు బయటపడినది. ద్రాస్ ఊరికి ఎదురుగానున్న తొలోలింగ్ కొండపైనుండి చూచిన శ్రీనగరు నుండి లేహ్ పోవు రహదారి అంతయు కనుపించును. దానిమీద పోవు ప్రతి లారీ వారి ఫిరంగులకు గురియే. ఆ దారి తెగిన లడఖ్‌లోని మన సైన్యమునకు తిండిగింజలు, మందుగుండు అందుట కష్టము. అందుచేతనే ఆ కొండలకొరకు అంత నెత్తురు ధారపోయవలసి వచ్చినది. కర్నల్ ఎం.బి. రవీంద్రనాథ్ నాయకత్వమున 2వ రాజపుతానా రైఫిల్స్ జూన్ 13వ తేదీకి తొలోలింగ్‌ను పట్టుకొన్నది. ఆ పోరులోనే మేజర్ వివేక్ గుప్తా మరణించినారు.

తొలోలింగ్ చేజిక్కిన పిమ్మట జూన్ 19వ తేదీన పద్మపాణి తండ్రికి ఒక ఉత్తరము వ్రాసినారు. ప్రాణనష్టమును గూర్చి దిగులుపడవద్దనియు, అది తన వృత్తిలో ఉన్నదే యనియు, యుద్ధములో పాల్గొనుట జీవితములో ఒకసారి దొరకు గౌరవమనియు అందులో వ్రాసినారు. అప్పటికి వారి భార్య గర్భవతి. ఆమెకు రోజుకొక భారతకథ చెప్పవలెననియు, దానివలన పుట్టబోవు బిడ్డకు మంచి గుణములు అబ్బుననియు తండ్రిని కోరినారు. తల్లి గర్భములోనే పద్మవ్యూహపు గుట్టు విన్న అభిమన్యుని కథ తెలియని తెలుగువాడుండడు. ఆ కథ చివర ఏమగునో కూడ అందరికీ తెలిసినదే. ఆ ఉత్తరము చదువుచు ఆ తండ్రి ఏమనుకొన్నాడో గాని, మాకు మాత్రము ఆ ఒక్క కోరికయొద్ద కన్నులు చెమర్చినవి.

జూన్ 28వ తేదీన, పుట్టినరోజు గడచిన సరిగా వారమునకు, శత్రువులు పటిష్ఠము చేసికొన్న ఒక స్థావరమును పట్టుకొను పని ఆయన కంపెనీకి అప్పగింపబడినది. చుట్టును మందుపాతరలు, పైనుండి మిషన్‌గన్నుల కాల్పులు. పటాలము మొత్తము జయము ఆ స్థావరము త్వరగా చిక్కుటపై ఆధారపడియున్నది. దాడి మొదలగుటతోనే ఫిరంగి గుండ్లు ముందు నడచు ప్లటూనుపై పడి అనేకులు కూలినారు. మేజర్ ఆచార్య వెనుక నిలిపియుంచిన ప్లటూనును తీసికొని, ఆ గుండ్ల వానలోనే నిట్టనిలువు రాతిగోడ వెంబడి పైకి నడిపించినారు. పాకుచు బంకరు దాపునకు పోయి గ్రెనేడ్లు విసరినారు. గుండ్లు దిగి కదలలేని స్థితిలో, తన్ను విడిచి ముందుకు పొండని జవానులను ఆజ్ఞాపించి, పడియున్నచోటనుండియే కాల్పులు సాగించినారు. స్థావరము మనవారికి చిక్కిన తరువాత ప్రాణము విడిచినారు. మరణానంతరము ఆయనకు మహావీరచక్ర ప్రకటించినారు.

ఆ రాత్రియే ఆ పటాలముతోనున్న మరియొక యువకుని గూర్చి చెప్పకుండ ముందుకు పోలేము. కెప్టెన్ నీకెఝాకువో కెంగురూసే క్రైస్తవ సంఘములతో నిండిన నాగాలాండ్‌వాడు, కోహిమా దగ్గరి నెర్హేమా గ్రామస్థుడు. సైన్యములో చేరకమునుపు బడిపంతులు. వయస్సు ఇరువదినాలుగు. 16,000 అడుగుల ఎత్తున, గడ్డకట్టు చలిలో, బూట్లు జారుచున్నవని వాటిని విప్పి, వట్టికాళ్ళతో రాతిగోడ ఎక్కి శత్రువులతో పోరాడి మరణించినాడు. ఆయనకును మహావీరచక్రయే. మరునాడు అదే పటాలపు కెప్టెన్ విజయంత్ థాపర్ ఇరువదిరెండేండ్లకే నేలకొరిగినాడు.

ఆ యుద్ధములో మనవారు 527 మంది మరణించినారు. అవతలివారి మాటయు చెప్పవలెను. తమ సైనికుల శవములను తమవని ఒప్పుకొనుటకు పాకిస్తాను మొదట నిరాకరించినది. దిక్కులేక పడియున్న అనేకులను మన సైన్యమే వారి మతాచారము ప్రకారము ఆ కొండలలో సమాధి చేసినది. శత్రువును ప్రేమించుటను గూర్చి మనము ఎన్నో ప్రసంగములు విన్నాము. యుద్ధభూమిలో అందుకు దగ్గరగా వచ్చిన పని ఇది యని మా అభిప్రాయము.

భారతకథలు కోరిన హైందవ సోదరునికి సంఘ సంచికలో చోటేమిటని కొందరు అడుగవచ్చును. యోహాను సువార్త 15వ అధ్యాయము 13వ వచనము తీసి చదువుకొమ్మనుటయే మా జవాబు. ఆ వచనములో స్నేహితుల మతమేదో అడుగలేదు. ఒడిశా కుటుంబము గదా, మనవాడెట్లగునను వారునూ కలరు. హైదరాబాదులో పుట్టి, అక్కడి విశ్వవిద్యాలయములో చదివినవాడు మనవాడు కాకపోవుటెట్లు? 2003లో వచ్చిన ఎల్.ఓ.సి. కార్గిల్ అను హిందీ చిత్రములో మన నాగార్జున ఆ వేషము వేసినప్పుడైనను ఈ పేరు ఇంటింటికీ తెలియవలసినది. సినిమా తెలిసినంతగా మనిషి తెలియలేదు.

మరియొక పేరు మనకు దారిప్రక్కనే యున్నది. జగ్గయ్యపేట దాటి, కోదాడ మీదుగా పోయిన వచ్చు సూర్యాపేటవారు కర్నల్ సంతోష్ బాబు. 2020 జూన్ 15వ తేదీ రాత్రి గల్వాన్ లోయలో చైనావారితో జరిగిన ఘర్షణలో, 16వ బీహారు పటాలపు కమాండింగ్ ఆఫీసరుగా ముందు నిలిచి మరణించినారు. ఆ ఘర్షణలో మనవారు ఇరువదిమంది పోయినారు. ఆయనకు 2021లో మహావీరచక్ర ప్రకటించినారు.

కాబట్టి అయ్యగార్లకు, సంఘ పెద్దలకు మా మనవి యొక్కటే. ప్రతి సంవత్సరము జూన్ మాసపు చివరి ఆదివారమున విజ్ఞాపన ప్రార్థనకు ముందు ఈ నాలుగు పేర్లు చదివింపవలెను. చదువుట సండేస్కూలు పిల్లలచేత జరిగిన మేలు. మేజర్ ఆచార్య మరణించిన కొన్ని మాసములకు, ఆ కథలు వినవలసిన బిడ్డ పుట్టినది. ఆడపిల్ల.