గూడు మారిన విగ్రహం

బ్రస్సెల్స్ చూడబోయిన మనవాళ్లు నవ్వుకుంటూ ఫోటో దిగే వీధిమూల బొమ్మ ఒకటుంది, నిలబడి ఉచ్చ పోసే బుడతడు. 1619లో దాని అసలు కంచుబొమ్మ చేసిన జెరోమ్ డ్యుకెన్వా పెద్ద శిల్పేమీ కాదు. పెద్ద శిల్పి అతని కొడుకు ఫ్రాన్స్వా. కానీ తండ్రి బుడతణ్ని ఎరిగినంతమంది కొడుకు పేరు ఎరగరు.

1618లో, 21 ఏళ్ల వయసులో, తమ ప్రాంతాన్ని ఏలే ఆర్చ్‌డ్యూక్ ఆల్బర్ట్ ఇచ్చిన భత్యంతో ఫ్రాన్స్వా రోమ్ చేరాడు. మూడేళ్లకే ప్రభువు పోయాడు, భత్యమూ పోయింది. ఇక దంతపు బొమ్మలు చెక్కడం, విరిగిన పాత రోమన్ విగ్రహాలకు ముక్కూ చెయ్యీ అతకడం. పొట్టకూటి పని. చిత్రకారుడు పుసాఁ, ఫ్రాన్స్వా కొంతకాలం ఒకే ఇంట్లో ఉన్నారు. ఇద్దరూ టిషియన్ వేసిన చిత్రాల్లో ఆడుకునే పసివాళ్లను చూసి చూసి, మట్టిలో మళ్లీ మలిచేవారు. ఆ సాధన చేతికి పట్టింది. అతని పసిదూతల బుగ్గ నొక్కితే చలువరాయి సొట్టపడుతుందేమో అనిపిస్తుంది.

రొట్టెలు కాల్చే పనివాళ్ల సంఘానికి రోమ్‌లో ఒక చర్చి ఉంది, సాంతా మరియా ది లొరేతో. అక్కడి గూట్లో నిలబెట్టడానికి పునీత సూసన్నను చెక్కాడు. చూపు భక్తుల మీద, చెయ్యి బలిపీఠం వైపు. ఒక్క మాటా అనకుండా 'అటు చూడండి' అంటున్నట్టుండేది. గూడు ఎటుంది, వెలుగు ఎటునుంచి పడుతుంది, మనిషి ఎక్కడ నిలబడి చూస్తాడు, ఈ లెక్కంతా తేలాకే అతని ఉలి కదిలేది.

సెయింట్ పీటర్స్ బసిలికాలో గుమ్మటం కింద నాలుగు మహా స్తంభాలు. ఒకదాని గూటికి పునీత అంద్రెయను చెక్కే పని దొరికింది. సుమారు 4.5 మీటర్ల ఎత్తు, వెనక అడ్డంగా వాలిన సిలువ. 1629లో మొదలైన పని 1640లో గానీ జనం ముందుకు రాలేదు. ఇంతలో పై నుంచి నిర్ణయం వచ్చింది: అంద్రెయ వేరే స్తంభానికి వెళ్లాలి. ఒక వెలుగుకు చెక్కిన ముఖం ఇంకో వెలుగులో నిలబడింది. పక్కింటి అద్దానికి ముస్తాబైనట్టు. దీని వెనక తోటి శిల్పి బెర్నినీ చెయ్యి ఉందని ఫ్రాన్స్వా కుమిలిపోయాడని పాత జీవితచరిత్రలు అంటాయి. 1640 ఏప్రిల్‌లో చిత్రకారుడు రూబెన్స్ అతన్ని మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. మే నెలాఖరుకు రూబెన్స్ లేడు.

ఆ తర్వాత మనిషి నిలదొక్కుకోలేదు. కీళ్లవాతం, తల తిరుగుడు, దిగులు. ఫ్రాన్స్ రాజు 13వ లూయీ పారిస్ రమ్మన్నాడు. 1643 మే నెలలో ఆ రాజూ పోయాడు. జూలైలో, పారిస్ వెళ్లే దారిలో, లివోర్నో రేవులో ఫ్రాన్స్వా కన్నుమూశాడు. పక్కన ఉన్నది తమ్ముడు, తండ్రి పేరే పెట్టుకున్న జెరోమ్. అన్న వదిలిన నమూనాలు తీసుకుని ఊరు చేరి, అన్నకు అప్పగించిన బిషప్ ట్రీస్ట్ సమాధిని ఘెంట్‌లో తనే కట్టాడు. 1654లో, ఇద్దరు బాలురను చెరిచాడన్న నేరానికి ఘెంట్‌లోనే ఆ తమ్ముణ్ని గొంతు బిగించి చంపి, శవాన్ని తగలబెట్టారు. అన్నకు విషం పెట్టింది తనేనని చివర్లో ఒప్పుకున్నాడని పుకారు. నాకది నమ్మబుద్ధి కాదు. ఫ్రాన్స్వాను చంపడానికి అంత అవసరం లేదు.

సూసన్నను కూడా తర్వాత్తర్వాత అసలు గూట్లోంచి కదిలించారు. ఆమె ఇంకా చెయ్యి చాచే ఉంది, ఆ చేతి కొసన ఇప్పుడు బలిపీఠం లేదు.