బుట్ట చేతుల రవిక

భుజం దగ్గర కుచ్చుపోసి ఉబ్బెత్తుగా నిలిపి, మోచేతికి పైన బిగువైన పట్టీతో ముగించే చేతులున్న జాకెట్టును బుట్ట చేతుల రవిక అంటారు. విక్టోరియా రాణి కాలపు (1837–1901) దొరసానుల గౌన్ల నుంచి వచ్చి, చీర కిందికి చేరి, చివరికి అమ్మమ్మల ఫొటోల్లో మన సొంతమే అనిపించేంతగా కుదురుకుంది.

ఇంగ్లండులో ఊదిన చేతులు 1830లలో ఒకసారి, 1890లలో మరోసారి రాజ్యమేలాయి. ఇక్కడ అంతకుముందు ముందువైపు ముడివేసుకునే రవికలు ఉండేవి. చీరతో పాటు జాకెట్టు తొడిగే పద్ధతి బాగా ప్రచారంలోకి రావడానికి ఠాగూర్ల కోడలు జ్ఞానదానందినీ దేవి ఒక ముఖ్య కారణం. 1860లలో ఆమె బొంబాయిలో కాపురం ఉండి వచ్చాక ఈ అలవాటు బెంగాలీ ఇళ్లలో పాకింది.

చేతులకే పేరొచ్చింది గానీ, ఒంటికి తగ్గట్టు సర్దుకునే అసలు పనితనం లోపలుంటుంది. నడుము బిగించే విక్టోరియన్ కార్సెట్‌ను వెనక తాళ్లతో బిగించేవారు, వదులు చేసేవారు. వెనకవైపు ఎత్తుగా నిలిచే పావడాల్లో లోపలి నాడాలు లాగి ఆకారం మార్చేవారు. మన రవికకు ఆ పని చేసేది పక్క కుట్టు. "లోపల కాస్త గుడ్డ వదలండి" అని దర్జీకి చెప్పని ఇల్లాలు అరుదు. పాత రవికను తిరగేసి చూస్తే పక్కన రెండు మూడు వరుసల కుట్లు కనిపిస్తాయి. ఒళ్లు వస్తే ఒక వరుస విప్పుతారు. అప్పుడు బయటపడిన అంచు మిగతా గుడ్డలా వెలిసిపోకుండా కొత్త రంగుతో ఉంటుంది. దాని వెంట సూది రంధ్రాల గీత.

రవికల్లో ఎక్కువగా వాడింది టూ బై టూ (పడుగు, పేక రెండూ జంట పోగుల) నూలు గుడ్డ. నూలుకు మూలం పత్తి. వరంగల్ దగ్గరి ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి జిన్నింగు మిల్లుల్లో గింజ తీయించుకుని బేళ్లుగా బయటికి పోతుంది. 1934లో వరంగల్‌లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు నడిచినన్నాళ్లు ఆ ఊరి దూది ఆ ఊళ్లోనే గుడ్డయ్యేది. మిల్లు మూతపడటంతో ఆ దారి పోయింది.

నటి సావిత్రి జీవితంపై వచ్చిన 'మహానటి' (2018) సినిమాకు ఇంద్రాక్షి పట్నాయక్, గౌరాంగ్ షా, అర్చనా రావులు ఉత్తమ దుస్తుల రూపకల్పనకు జాతీయ పురస్కారం అందుకున్నారు. సావిత్రి కాలపు చీరలు, రవికలు మళ్లీ డిజైనర్ల బల్లమీదికి రావడానికి అదీ ఒక సందర్భం. పడమటి డిజైనర్లు విక్టోరియన్ వంపుల్ని ఎప్పుడో తవ్వుకున్నారు. వివియెన్ వెస్ట్‌వుడ్ 1985లో గుండ్రటి పావడాను (క్రినోలిన్) పొట్టి 'మినీ క్రిని'గా మార్చింది. 1990లో చిత్రకారుడు బూషే గీసిన చిత్రాన్ని కార్సెట్ మీద అచ్చు వేయించి, వెనక తాళ్లకు బదులు జిప్పు, పక్కల సాగే గుడ్డ పెట్టింది. అవి ఇప్పుడు మ్యూజియంలు దాచుకునే వస్తువులు.

పాత రవికను దాచాలంటే చేతుల్లో ఆమ్లం లేని పల్చటి కాగితం ఉండలుగా కూరాలి, లేకపోతే బుట్ట నలిగి కుచ్చు దగ్గరే గుడ్డ చిరుగుతుంది. ఇనుప హుక్కులకు తుప్పు పడితే మరక సులువుగా దిగదు. పక్క కుట్లు మాత్రం విప్పకూడదు. ఎవరి ఒంటికి, ఎన్నిసార్లు సర్దారో చెప్పేవి అవే.