రాత్రి ఆకాశంలో కొరివి దయ్యాలు
(యుద్ధ విమానాల పైలట్లు చూసిన గుర్తు తెలియని వెలుగుల చరిత్ర)

మన పల్లెల్లో పెద్దవాళ్లు కొరివి దయ్యాల కథలు చెప్పేవారు. అర్ధరాత్రి పొలం గట్ల మీద ఒక మంట కదులుతుందని, మనం ఆగితే అదీ ఆగుతుందని, పరిగెత్తితే వెంబడిస్తుందని చెప్పేవారు. యూనిఫారం వేసుకున్నాక అలాంటివి విని నవ్వేసే వాళ్లమే అందరం. అయితే దాదాపు ఇదే కథని, గ్రామీణులు కాదు, శిక్షణ పొందిన సైనిక పైలట్లు తమ అధికారిక రిపోర్టుల్లో రాసారు. ఒక దేశంలో కాదు, అనేక దేశాల్లో. ఒకసారి కాదు, ఎనభై ఏళ్లుగా.

అవి వేరే గ్రహాల నుంచి వచ్చినవా కాదా అనే వాదన ఈ వ్యాసంలో చేయబోవడం లేదు. మన వృత్తికి పనికొచ్చే ప్రశ్న వేరే ఉంది. రాత్రి ఆకాశంలో అర్థం కానిది ఒకటి కనబడినప్పుడు సైనికుడు ఏం చెయ్యాలి? అతను చెప్పింది విన్న పైఅధికారి ఏం చెయ్యాలి? ఈ రెండింటికీ చరిత్ర మంచి పాఠాలే చెప్తుంది.

రైన్ నది మీద 'ఫూ ఫైటర్లు'

1944 నవంబరు చివరి రోజులు. ఫ్రాన్స్‌లోని డిజోన్ నుంచి అమెరికన్ 415వ నైట్ ఫైటర్ స్క్వాడ్రన్ పనిచేస్తోంది. వాళ్లవి బ్రిటిష్ బ్యూఫైటర్ విమానాలు. ఒక రాత్రి లెఫ్టినెంట్ ఎడ్వర్డ్ ష్లూటర్ పైలట్‌గా, డొనాల్డ్ మైయర్స్ రాడార్ అబ్జర్వర్‌గా, స్క్వాడ్రన్ ఇంటెలిజెన్స్ అధికారి ఫ్రెడ్ రింగ్‌వాల్డ్ వెంట రాగా, స్ట్రాస్‌బోర్గ్ దగ్గర రైన్ నది మీద గస్తీ తిరుగుతున్నారు. దూరంగా ఎనిమిదో పదో ఎర్రటి వెలుగులు వరుసగా కనిపించాయి. కొండ మీది దీపాలేమో అనుకున్నారు. కానీ అక్కడ కొండ లేదు. నేల మీది రాడార్‌ని అడిగితే ఆ ప్రాంతంలో ఏమీ లేదన్నారు. విమానం అటు తిప్పేసరికి వెలుగులు మాయమై, కాసేపటికి మరోచోట కనిపించాయి.

దిగాక వాళ్లు ఏం చేసారు? మొదట్లో నోరు మెదపలేదు. చెప్తే నవ్వుతారని, యుద్ధ అలసటతో మతి చెదిరిందంటారని భయం. తరువాత అదే స్క్వాడ్రన్‌లో మరికొందరికి అలాంటివే కనబడటంతో విషయం బయటికి వచ్చింది. అప్పటి ఒక హాస్య చిత్రకథలో ఊతపదంగా వాడే 'ఫూ' అనే మాట తీసుకుని ఈ వెలుగులకు 'ఫూ ఫైటర్లు' అని మైయర్స్ పేరు పెట్టాడు. 1945 జనవరిలో ఆ పేరు పత్రికలకెక్కింది.

జర్మనీవాళ్ల రహస్య ఆయుధం అన్నది మొదటి అనుమానం. యుద్ధం ముగిసాక జర్మన్ పరిశోధనశాలలను జల్లెడ పట్టినా అటువంటి పరికరం దొరకలేదు. 1953 జనవరిలో అమెరికా సీఐఏ ఏర్పాటు చేసిన రాబర్ట్‌సన్ ప్యానెల్ ఈ సంగతి కూడా పరిశీలించింది. తుఫాను వేళ ఓడ స్తంభాల మీద, విమానం రెక్కల మీద మెరిసే విద్యుత్ కాంతి వంటిదో, గాలిలోని మంచు పలుకుల మీద పడిన వెలుగో అయ్యుండవచ్చని, ఖచ్చితమైన కారణం మాత్రం తేలలేదని రాసింది. తెలియనిదాన్ని తెలియదని రాయడం కూడా ఒక నిజాయితీయే.

ఒకరు బతికారు, ఒకరు పోయారు

1948 అక్టోబరు 1 రాత్రి సుమారు 9 గంటలకి అమెరికాలోని ఫార్గో మీద, నార్త్ డకోటా ఎయిర్ నేషనల్ గార్డ్ పైలట్ జార్జ్ గోర్మన్ పి-51 మస్టాంగ్‌లో తిరుగుతున్నాడు. ఒక చిన్న తెల్లని వెలుగు కనిపించింది. వెంబడించాడు. అది తిరిగి తన మీదికే దూసుకొచ్చినట్టనిపించి పక్కకి తప్పుకున్నాడు. ఇలా 27 నిమిషాల పాటు సాగింది. సుమారు 14,000 అడుగుల దగ్గర విమానం స్టాల్ అయింది. గోర్మన్ కొత్తవాడు కాదు, రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాడు. దర్యాప్తులో తేలిందేమిటంటే, ఆ రాత్రి 8.50కి స్థానిక వాతావరణ కేంద్రం దీపం కట్టిన బెలూన్ ఒకటి వదిలింది. వెలుగు తన మానాన తను పైకి పోతోంది. విన్యాసాలన్నీ చేసింది మస్టాంగే. గిరగిరా తిరిగేవాడికి నిలకడగా ఉన్నదే తిరుగుతున్నట్టు కనబడుతుంది కదా!

అదే ఏడాది జనవరి 7న జరిగింది పట్టపగటి సంఘటనే అయినా చెప్పక తప్పదు. కెంటకీ ఎయిర్ నేషనల్ గార్డ్‌కి చెందిన కెప్టెన్ థామస్ మాంటెల్ వయసు 25 ఏళ్లు. ఆకాశంలో మెరుస్తున్న ఒక వస్తువేమిటో చూడమంటే, ఆక్సిజన్ లేకుండానే 20,000 అడుగులు దాటి పైకి వెళ్లిపోయాడు. స్పృహ తప్పి విమానంతో సహా కూలిపోయాడు. మొదట అది శుక్ర గ్రహం అన్నారు. అప్పట్లో అమెరికన్ నౌకాదళం రహస్యంగా ఎగరేస్తున్న స్కైహుక్ అనే భారీ బెలూన్ అయ్యుంటుందని తరువాత నిర్ధారణకి వచ్చారు. తన దేశపు బెలూన్ గురించి తన పైలట్‌కే తెలియదు. రహస్యం కాపాడటం అవసరమే. కానీ ఆ రహస్యం ఉన్న ఆకాశంలోకి మన కుర్రాడినే పంపేటప్పుడు ఎవరో ఒకరు అతన్ని హెచ్చరించాలి.

అటువంటి బెలూన్లు మనకీ కొత్త కాదు. హైదరాబాదులోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా శాస్త్ర పరిశోధన కోసం వీటిని వదులుతోంది. 2022 డిసెంబరులో అక్కడి నుంచి లేచిన ఒక ప్రయోగ బెలూన్‌ని చూసి తెలంగాణ ప్రజలు వింత వస్తువని వీడియోలు తీసారు. దాని కింద వేలాడిన తొట్టి వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో దిగితే ఊరు ఊరంతా చూడటానికి పరిగెత్తింది.

టెహ్రాన్ రాత్రి

సైనిక పైలట్ల అనుభవాల్లో అందరూ ఎక్కువగా చెప్పుకునేది 1976 సెప్టెంబరు 19 తెల్లవారుజామున ఇరాన్‌లో జరిగినది. అర్ధరాత్రి దాటాక టెహ్రాన్ ప్రజలు ఆకాశంలో ఏదో వెలుగు ఉందని ఫోన్లు చేసారు. వైమానిక దళ ఉన్నతాధికారి జనరల్ యూసెఫీ స్వయంగా బయటికి వచ్చి చూసి, షారోఖీ స్థావరం నుంచి ఎఫ్-4 ఫాంటమ్ పంపించారు. సుమారు 25 నాటికల్ మైళ్ల దగ్గరికి వెళ్లేసరికి ఆ విమానంలో పరికరాలు, రేడియో పనిచేయడం మానేసాయి. వెనక్కి తిప్పగానే మళ్లీ పనిచేసాయి. రెండో ఫాంటమ్‌లో పర్విజ్ జాఫరీ వెళ్లాడు. 27 నాటికల్ మైళ్ల దగ్గర రాడార్ లాక్ అయింది. తెర మీద బోయింగ్ 707 ట్యాంకర్ అంత పరిమాణం కనిపించింది. పెద్ద వెలుగు నుంచి చిన్న వెలుగు ఒకటి విడిపోయి తన మీదికి వస్తున్నట్టు కనబడటంతో క్షిపణి పేల్చబోయాడు. సరిగ్గా అప్పుడే ఆయుధ నియంత్రణ వ్యవస్థ, రేడియో ఆగిపోయాయి.

అమెరికన్ రక్షణ నిఘా సంస్థ దీని మీద నివేదిక తయారుచేసి వైట్ హౌస్ వరకు పంపింది. సందేహవాదుల వాదనా ఉంది. విమానయాన పాత్రికేయుడు ఫిలిప్ క్లాస్, వాళ్లు చూసింది గురు గ్రహం కావచ్చని, రెండో విమానానికి అంతకుముందే విద్యుత్ లోపాలు ఉన్నాయని రాసాడు. జాఫరీ తరువాత జనరల్ అయ్యాడు. 2007లో వాషింగ్టన్‌లో విలేఖరుల ముందు నిలబడి, తను చూసింది చూసినట్టే చెప్పాడు. ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. కానీ ఒక సంగతి గమనించాలి. ఆ అధికారి రాత్రికి రాత్రి నమోదు చేయించుకున్న వివరాల వల్లనే ఇన్నేళ్ల తరువాత కూడా ఇరుపక్షాలూ వాదించగలుగుతున్నాయి.

రాడార్ చెప్పిందల్లా వేదమా?

కన్ను మోసపోతుంది సరే, యంత్రం కూడానా అనిపిస్తుంది. 1990 మార్చి 30 అర్ధరాత్రి దాటాక, ప్రజలూ పోలీసులూ చూసామని చెప్పిన వెలుగుల కోసం బెల్జియం వైమానిక దళం రెండు ఎఫ్-16 విమానాలను లేపింది. గంట సేపు తిరిగారు. రాడార్ చాలాసార్లు లాక్ అయింది. వేగాలు, ఎత్తులు నమ్మశక్యం కానంతగా మారాయి. కానీ పైలట్ల కంటికి ఏమీ కనబడలేదు. తరువాత టేపులు విశ్లేషిస్తే, కొన్ని లాకులు పక్కనున్న రెండో ఎఫ్-16 మీదే పడ్డాయని, మిగిలినవి ఆ రాత్రి వాతావరణం పుట్టించిన తప్పుడు ప్రతిధ్వనులని తేలింది. ఆ రోజుల్లో ప్రపంచమంతా తిరిగిన త్రికోణాకార వస్తువు ఫోటో తెచ్చింది కూడా ఒక నకిలీయే. అది పాలిస్టైరిన్ ముక్కతో చేసిందని తీసినవాడే 2011లో ఒప్పుకున్నాడు.

2019లో అమెరికన్ నౌకాదళ సిబ్బంది రాత్రి తీసిన త్రికోణాల వీడియో సంగతి కూడా ఇంతే. నైట్ విజన్ పరికరం గుండా వచ్చిన వెలుతురును కెమెరాతో తీయడం వల్ల ఆ ఆకారం వచ్చిందని 2022 మేలో అధికారులు కాంగ్రెస్ ముందు చెప్పారు.

రాత్రి కన్ను

నైట్ ఫ్లయింగ్ చేసినవారికి ఇది తెలిసిందే, అయినా మళ్లీ చెప్పుకుందాం. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట పడుతుంది. చీకట్లో కంటి నడిమి భాగం దాదాపు గుడ్డిదే. అందుకే వస్తువుని నేరుగా కాక కాస్త పక్కగా చూడమని నేర్పుతారు. నల్లని ఆకాశంలో ఒంటరిగా ఉన్న వెలుగును కొన్ని సెకన్లు కన్నార్పకుండా చూస్తే చాలు, అది కదులుతున్నట్టు అనిపిస్తుంది. దీన్నే ఆటోకైనెటిక్ భ్రమ అంటారు. పోల్చుకోవడానికి చుట్టూ ఏమీ లేకపోతే దూరం, పరిమాణం, వేగం మూడూ అంచనాకి అందవు. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ మన వైమానికులకి ఈ భ్రమల గురించే శిక్షణ ఇస్తుంది. ఇది తెలివితక్కువతనం కాదు, పిరికితనం అసలే కాదు. మనిషి కన్ను నిర్మాణమే అంత.

లడఖ్‌లో వేగుచుక్క

మన సరిహద్దుకి వద్దాం. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి వరకు పాంగాంగ్ సరస్సు పరిసరాల్లో మన జవాన్లు ఆకాశంలో వింత వెలుగులు చూసి 329 సార్లు నమోదు చేసారని పత్రికల్లో వచ్చింది. చైనా గూఢచారి డ్రోన్లేమోనన్నది అనుమానం. సైన్యం ఆ సమాచారాన్ని బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థకి ఇచ్చింది. వాళ్లు సమయాలు, దిక్కులు లెక్కవేసి, అవి గురుడు, శుక్రుడు అని తేల్చారు.

దీని మీద అప్పట్లో విదేశీ పత్రికలు నవ్వుకున్నాయి. నవ్వాల్సిన పని లేదు. వేగుచుక్క చూసి నాగలి కట్టిన రైతు బిడ్డలే మన జవాన్లు. కానీ 14,000 అడుగుల ఎత్తులో, దుమ్ము లేని పొడి గాలిలో, ఎదుట శత్రు సరిహద్దు ఉండగా అదే వేగుచుక్క వేరే రకంగా కనబడుతుంది. ఆ జవాన్లు చూసిన ప్రతిసారీ టైము, దిక్కు రాసారు గనకనే శాస్త్రవేత్తలు జవాబు చెప్పగలిగారు. జవాబు తెలిసింది గనకనే గ్రహాన్ని చూసి తుపాకీ ఎత్తే పరిస్థితి రాలేదు. రెండు అణ్వస్త్ర దేశాల మధ్య అది చిన్న విషయమా?

2023 నవంబరు 19న ఇంఫాల్ విమానాశ్రయం దగ్గర ఏదో వస్తువు కనిపించిందని పౌర విమానాలను కొన్ని గంటలు ఆపారు. వెతకడానికి రఫేల్ విమానాలు వెళ్లాయి. ఏమీ దొరకలేదు. అయినా వెళ్లి చూడటం తప్పు కాదు, చూడకపోవడమే తప్పు. డ్రోన్ల కాలంలో ఇది మరీ నిజం.

రాసినవాడే సాక్షి

అమెరికన్ వైమానిక దళం బ్లూ బుక్ ప్రాజెక్టు 1969లో ముగిసేనాటికి 12,618 ఉదంతాలు నమోదు చేసింది. వాటిలో 701 మాత్రమే తేలకుండా మిగిలాయి. తరువాత దశాబ్దాల పాటు పైలట్లు పరువు పోతుందని చెప్పడం తగ్గించారు. 2019లో నౌకాదళం కొత్త రిపోర్టింగ్ పద్ధతి పెట్టాక మళ్లీ చెప్పడం మొదలుపెట్టారు. 2021 జూన్‌లో వెలువడిన నివేదికలో 144 ఉదంతాలుంటే, ఖచ్చితంగా గుర్తించగలిగింది ఒక్కటే, అదీ గాలి దిగిపోతున్న పెద్ద బెలూన్. అన్యగ్రహ సాంకేతికతకి ఆధారం ఏదీ దొరకలేదని 2024 మార్చిలో పెంటగాన్ చెప్పింది.

'గుర్తు తెలియనిది' అనే మాటకి అర్థం అంతవరకే. దానికి 'శత్రువు' అనో, 'గ్రహాంతరవాసి' అనో మనం తోక తగిలించకూడదు. అలాగని 'నీకు పిచ్చి' అని రిపోర్టు చింపేయనూ కూడదు. ష్లూటర్ బృందం నోరు మెదపకుండా ఉన్న రోజుల్లో వాళ్లు చూసింది నిజంగానే జర్మనీ ఆయుధం అయ్యుంటే ఎంత నష్టం జరిగేదో ఊహించండి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకి చెప్పేదొకటే. అర్థం కానిది కనబడితే ముందు మీ విమానం ఎత్తు, వేగం, ఆక్సిజన్, ఇంధనం చూసుకోండి. తరువాత టైము, దిక్కు, ఎంతసేపు కనబడిందో రాసుకోండి. దిగాక ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇక సీనియర్లం మనం చేయాల్సింది, కుర్రాడు చెప్పేది నవ్వకుండా చివరిదాకా వినడం.

జై హింద్.