ఊరి పచ్చిక పరిరక్షణ సంఘం

1968 నవంబరు 22న ఇంగ్లండులో రెండు రాక్ బృందాల రికార్డులు ఒకేరోజు విడుదలయ్యాయి. ఒకటి బీటిల్స్ వారి తెల్లట్ట జంట రికార్డు. దాని సంగతి లోకమంతటికీ తెలిసిందే. రెండవది కింక్స్ బృందానిది. పేరు చాంతాడంత: 'ద కింక్స్ ఆర్ ద విలేజ్ గ్రీన్ ప్రిజర్వేషన్ సొసైటీ'. కింక్స్ అంటే ఊరి పచ్చిక పరిరక్షణ సంఘమేనని భావం. ఇంగ్లీషు పల్లెల నడిమధ్యన ఊరందరికీ చెందిన పచ్చిక బయలు ఒకటి ఉంటుంది. దాన్నే విలేజ్ గ్రీన్ అంటారు. రాక్ సంగీతానికీ దానికీ ఏమిటి సంబంధం?

అది సామాన్యమైన సంవత్సరం కాదు. మే నెలలో పారిస్ విద్యార్థులు వీధులకెక్కారు. వియత్నాం యుద్ధం వద్దంటూ లండన్‌లో ఊరేగింపులు నడిచాయి. రోలింగ్ స్టోన్స్ వీధి పోరాటం మీద పాట కట్టారు, బీటిల్స్ విప్లవం మీద కట్టారు. అలాంటి వేళ కింక్స్ నాయకుడు రే డేవిస్ స్ట్రాబెర్రీ జామునూ, పింగాణీ కప్పులనూ, పాతకాలపు ఇళ్ళనూ దేవుడు చల్లగా చూడాలని పాడాడు. ఎవరు వింటారు?

నిజానికి ఈ బృందం మెత్తని పాటలతో పేరు తెచ్చుకున్నది కాదు. 1964లో 'యూ రియల్లీ గాట్ మీ' కోసం రే తమ్ముడు డేవ్ తన చిన్న యాంప్లిఫయరు స్పీకరు కాగితాన్ని బ్లేడుతో చీల్చి, గిటారు చేత గర్జింపజేశాడు. ఆ పాట ఇంగ్లండులో మొదటి స్థానానికి వెళ్ళింది. మరుసటి ఏడు అమెరికా పర్యటన గొడవల మధ్య ముగిసింది. ఆ దేశపు సంగీతకారుల సంఘం 1969 దాకా వారిని మళ్ళీ అక్కడ కచేరీ చేయనివ్వలేదు. తోటి బృందాలు అమెరికాలో పేరూ డబ్బూ గడిస్తుంటే కింక్స్ ఇంటిపట్టున ఉండిపోయారు. రే చూపు ఇంటివైపు తిరగడానికి ఇది ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

ఆ ఇల్లయినా పల్లెలో లేదు. ఉత్తర లండన్‌లో ఫోర్టిస్ గ్రీన్ అనే పేట. ఎనిమిదిమంది సంతానంలో ఆఖరివాళ్ళు ఈ అన్నదమ్ములిద్దరూ. పైన ఆరుగురు అక్కలు. ముందు గదిలో పియానో చుట్టూ చేరి ఇంటిల్లిపాదీ పాత పాటలు పాడుకునేవారు. రే మనసులోని పచ్చిక బయలు ఏ పటంలోనూ లేదు. రేడియో నాటకంగా పుట్టిన డిలన్ థామస్ 'అండర్ మిల్క్ వుడ్'లో ఒక చిన్న ఊరూ దాని మనుషులూ ఉన్నట్లే, తన పాటల్లోనూ ఒక ఊరిని కట్టాలనుకున్నాడు.

పాటల్లో ఎక్కువ భాగం 1968లో లండన్‌లోని పై కంపెనీ స్టూడియోలో తయారయ్యాయి. నిర్మాణ బాధ్యత రేదే. వాద్యబృందాన్ని పిలిపించే ఖర్చు లేకుండా మెల్లోట్రాన్ అనే మీటల వాద్యాన్ని చాలాచోట్ల వాడుకున్నారు. ఒక్కో మీట నొక్కితే ముందే రికార్డు చేసిన వయొలిన్‌ల, వేణువుల టేపు ముక్క ఒకటి తిరుగుతుంది. ఆ ధ్వని కొంచెం అరిగిపోయినట్టు ఉంటుంది. పాత జ్ఞాపకాల పాటలకు అదే నప్పింది.

సెప్టెంబరు నాటికి 12 పాటల రికార్డు సిద్ధం. ఆఖరు క్షణంలో రే ఆపించాడు. ఇరవై పాటలతో జంట రికార్డు వేయమన్నాడు. కంపెనీ ఒప్పుకోలేదు. చివరికి 15 పాటల దగ్గర రాజీ కుదిరింది. ఈలోగా స్వీడన్, ఫ్రాన్స్ వంటి దేశాల్లో 12 పాటల ప్రతి బయటికి వెళ్ళనే వెళ్ళింది. అందులో ఉన్న 'డేస్' ఆ వేసవిలో విడిగా వచ్చి బాగా ఆడిన పాట; ఇంగ్లండు ప్రతిలో అది లేకుండా పోయింది. రికార్డు ఇంగ్లండు అమ్మకాల పట్టికకే ఎక్కలేదు. 1969 మొదట్లో అమెరికాలో విడుదలైనప్పుడూ అంతే. అక్కడి విమర్శకులు కొందరు మెచ్చారు గానీ కొన్నవాళ్ళు తక్కువ.

దీన్ని ఉత్త పాతకాలపు మోజు అని కొట్టిపారేసినవారు సరిగా వినలేదనుకుంటాను. మొదటి పాటలో కాపాడవలసినవాటి పట్టిక చదువుతూ రే డొనాల్డ్ డక్‌ను కూడా చేర్చాడు. అమెరికా బాతు ఇంగ్లీషు పల్లె ఆస్తి ఎప్పుడైంది? సంఘాలు పెట్టుకుని, తీర్మానాలు చేసుకుని మన వారసత్వాన్ని కాపాడుకునే మనబోటివాళ్ళకు ఈ హాస్యం కాస్త చురుక్కుమంటుంది. 'విలేజ్ గ్రీన్' పాటలో ఊరు వదిలి పోయినవాడు తిరిగి తలచుకునేసరికి ప్రియురాలు డైసీ కిరాణా కుర్రాడిని పెళ్ళాడి ఉంది. అమెరికా యాత్రికులు పాత ఇళ్ళకు ఫోటోలు తీసుకుంటున్నారు. ఇంకో పాటలో చిన్ననాటి స్నేహితుడు వాల్టర్ కనబడితే మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదేమోనని భయం. ఫోటోల మీదనే రెండు పాటలున్నాయి. ఆఖరి పాటలో జనం తాము ఉన్నామని రుజువు చేసుకోవడానికే ఫోటోలు తీసుకుంటారని వెక్కిరింపు. పోయినదానికోసం ఏడుస్తూనే ఆ ఏడుపును చూసి నవ్వగలగడం ఈ రికార్డు గొప్పతనం. 1968లో నవ్వూ వినపడలేదు, ఏడుపూ వినపడలేదు.

బేస్ గిటారు వాయించిన పీట్ క్వైఫ్ 1969లో బృందాన్ని వదిలాడు. 1970లో 'లోలా' పాటతో కింక్స్ మళ్ళీ నిలదొక్కుకున్నారు. పచ్చిక రికార్డు మాత్రం నెమ్మదిగా, చేతులు మారుతూ బతికింది. తర్వాతి తరాల ఇంగ్లీషు గాయకులు దాన్ని వెతికి పట్టుకున్నారు. 2004లో 'పిక్చర్ బుక్' పాట ఒక ప్రింటర్ల కంపెనీ వ్యాపార ప్రకటనలో వినిపించింది. అదీ ఫోటోల పాటే! 2018లో, విడుదలైన యాభై ఏళ్ళకు, బ్రిటన్‌లో లక్ష ప్రతులు దాటి బంగారు రికార్డు అయింది. క్వైఫ్ 2010లోనే కన్నుమూశాడు.